గంజి వంచిన చోటు

మా అమ్మకు గుడ్డ చింపడానికి కత్తెర అక్కర్లేదు. అంచున పంటితో చిన్న గాటు పెట్టి, రెండు చేతులా పట్టి లాగుతుంది. అంతకుముందు ఎంత లాగినా లొంగని గుడ్డ, గాటు పడ్డాక అటు చివరిదాకా తిన్నగా చిరిగిపోతుంది. రైలు పట్టాలు ఎందుకు విరుగుతాయో శిక్షణలో మాకు నెలల తరబడి చెప్పారు కానీ, నా బుర్రకెక్కింది మాత్రం అమ్మ పంటిగాటు గుర్తొచ్చాకే.

పట్టా ఉత్త బరువుకు విరగదు. చక్రం మీదికి వచ్చినప్పుడల్లా వెంట్రుకవాసి వంగుతుంది, చక్రం దాటగానే మళ్ళీ లేస్తుంది. ఒంటిమీద దెబ్బ లేని పట్టా ఆ పని దశాబ్దాల పాటు చేస్తుంది. పైన ఒక గాయం ఉందనుకోండి, వంగి లేచే ఆ బాధంతా వచ్చి గాయం దగ్గరే పడుతుంది. అక్కణ్ణుంచి పగులు మొదలై, ఒక్కో చక్రానికి ఇంత అని లోపలికి దిగుతుంది. పైనుంచి చూసేవాడికి ఏమీ తెలియదు. ఇనుము అలసిపోయిందంటారు మా వాళ్ళు. అలసిన మనిషైనా ఓ మాట అంటాడు, పట్టా అదీ అనదు.

ఆ లోపలి పగుళ్ళను పట్టుకోవడమే నా ఉద్యోగం. ఒక చిన్న యంత్రాన్ని పట్టాల మీద తోసుకుంటూ రోజూ మైళ్ళకు మైళ్ళు నడిచేవాణ్ణి. అది పట్టాలోకి చెవికి వినపడని ధ్వనిని పంపుతుంది. ధ్వని అడుగుదాకా వెళ్ళి తిరిగొస్తే పట్టా బాగున్నట్టు. మధ్యలోనే దేనికో తగిలి తిరిగొస్తే లోపల పగులున్నట్టు. అసలు తిరిగే రాకపోతే "పరీక్ష కుదరలేదు" అని రాయాలి. ఒకసారి ఆ రెండు మాటలూ రాయకుండా ఎగ్గొట్టాను. దాని గురించే ఇదంతా.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజులవి. నేనూ అమ్మా దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ హాస్టళ్ళ వెనక సందులో రెండు గదుల్లో కిరాయికి ఉండేవాళ్ళం. నల్లగొండ పక్క పల్లె నుంచి వచ్చినవాళ్ళం. నా పైఅధికారిది కృష్ణా జిల్లా, ఎల్.బి. నగర్‌లో సొంతిల్లు. నేను పరీక్షించి రాసినదాని మీద సార్ సంతకం పడితేనే అది చెల్లుతుంది. పని దగ్గర చండశాసనుడు, మనిషి మాత్రం వెన్న. సార్ భార్య ఏటా మా అమ్మకు పింగాణీ జాడీ నిండా గోంగూర పచ్చడి పంపేది. అమ్మ ఆ జాడీని ఏనాడూ ఖాళీగా తిప్పి పంపలేదు. సకినాలో, నువ్వుల ఉండలో నింపి పంపేది. "ఆంధ్రోళ్ళయితేంది, ఆమె చెయ్యి మంచిది" అని సార్ ముందే అనేది. సార్ నవ్వేవారు.

ఆ రోజు రైల్ రోకో. మాకు దగ్గర్లోని లైను మీద వంటావార్పూ పెట్టుకున్నారు. పట్టాల మీదే పొయ్యి పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని బండ్లను ఆపడమన్నమాట. రాయి విసిరే పని లేదు, ఎవర్నీ తిట్టే పని లేదు. మా కాలనీ ఆడవాళ్ళంతా డీసీఎం వ్యాన్‌లో బియ్యం, కట్టెలు, పెద్ద పెద్ద గిన్నెలు ఎక్కించుకుని వచ్చారు. వంటకు పెద్ద మా అమ్మే. కాలనీలో ఎవరింట్లో పెళ్ళయినా మెతుకు చిమడకుండా వార్చాలంటే అమ్మనే పిలిచేవారు.

నేను డ్యూటీలో ఉన్నాను. పట్టాలకు ఏమీ కాకుండా చూసుకోమని పంపారు. డ్యూటీ అన్న మాటే గానీ నాకూ ఒళ్ళంతా ఉద్యమమే, మెడలో కండువా ఒక్కటే తక్కువ. ఒక గూడ్సు బండి వచ్చి జనం ముందు ఆగింది. అక్కడ లైను కొంచెం ఎత్తెక్కుతుంది. ఇంజిన్‌కు కాస్త ఎదురుగానే పొయ్యిలు వెలిగాయి.

అన్నం ఉడికింది, ఇక వార్చాలి. చుట్టూ కంకర తప్ప గిన్నె ఆనించే చోటు లేదు. అమ్మ అటూ ఇటూ చూసి, గిన్నె అంచును పట్టా మీద ఆనించి, మూత అడ్డం పెట్టి గంజి వంచింది. చిక్కటి గంజి పొగలు కక్కుతూ పట్టా మీద పారింది. ఇంకో గిన్నె అవతలి పట్టా మీద వంచారు. పప్పుచారు తాలింపు నూనె కూడా కొంత దాని మీదే ఒలికింది.

"అమ్మా, పట్టా మీద వంచకే" అన్నాను.

"ఏమైతది రా? నీ పట్టా కరిగిపోతదా? గంత పెద్ద ఇంజిన్ను మోసేదానికి జర గంజి బరువైతదా?"

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. పట్టా జారుడుగా ఉంటే చక్రం ఏం చేస్తుందో అంత మందిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. తెలిసీ నవ్వాను, విస్తరి ముందు కూర్చుని తిన్నాను. అంత రుచైన పప్పుచారు మళ్ళీ ఎన్నడూ తినలేదు, అది కూడా చెప్పాలి.

పొద్దు వాలుతుండగా జనం లేచారు. నినాదాలు ఇచ్చుకుంటూ వ్యాన్ ఎక్కారు. పట్టా మీద గంజి సగం ఎండి జిగటగా మెరుస్తోంది. ఓ బకెట్టు నీళ్ళు, ఓ గోనెసంచి ముక్క ఉంటే పావుగంట పని. డ్రైవర్ అప్పటికే హారన్ కొడుతున్నాడు, నాకు బద్ధకమేసింది.

బండి కదిలింది. ఇంజిన్ కాస్త ముందుకొచ్చి గంజి మీదికి ఎక్కింది. వెనక బరువంతా కిందికి లాగుతోంది, ముందు చక్రాలు జారాయి. బండి ఉన్నచోటే ఉంది, చక్రాలు మాత్రం గిరగిరా తిరిగిపోతున్నాయి. ఇనుము మీద ఇనుము పెట్టిన ఆ కేక తలచుకుంటే ఇప్పటికీ నా పళ్ళు జివ్వుమంటాయి. నిప్పురవ్వలు లేచాయి. కొన్ని క్షణాలకు చక్రాలకు పట్టు దొరికింది, బండి ఎత్తెక్కి వెళ్ళిపోయింది.

వంగి చూశాను. పట్టా మీద అరచేయంత మచ్చ, అంచుల్లో నీలం. మేం దాన్ని వీల్ బర్న్ అంటాం. రాపిడికి పైన ఉక్కు ఎర్రగా కాలిపోతుంది, కిందనున్న చల్లటి ఉక్కు ఆ వేడిని ఒక్కసారిగా లాగేసుకుంటుంది, దాంతో పై పొర గాజులా పెళుసెక్కిపోతుంది. పెళుసైనది పగలక మానదు. వేలితో ముట్టుకోబోయి వేడికి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

మర్నాడు యంత్రం తోసుకుంటూ వెళ్ళాను. మచ్చ దాకా తెరమీద గీత చక్కగా ఉంది, మచ్చ మీదికి రాగానే మాయమైంది. పై పొరలో పడ్డ చిన్న చిన్న పగుళ్ళు ధ్వనిని కిందికి పోనివ్వవు. ఎక్కడ లోపల ఏముందో చూడాల్సిన అవసరం ఎక్కువో, సరిగ్గా అక్కడే యంత్రం గుడ్డిదైపోతుంది. మూడుసార్లు వెనక్కి తీసి తోశాను. మూడుసార్లూ అంతే.

"పరీక్ష కుదరలేదు" అని రాస్తే ఏం జరుగుతుందో నాకు తెలుసు. పట్టాకు అటూ ఇటూ ఇనప పలకలు వేసి బోల్టులు బిగిస్తారు, కొత్త పట్టా వచ్చేలోపు ఒకవేళ విరిగినా విడిపోకుండా. అక్కడిదాకా మంచిదే. కానీ సార్ స్వయంగా రావాలి. చక్రం ఎందుకు జారిందో రాయాలి. పట్టాలెక్కినవాళ్ళ మీద కేసులు పెడుతున్న రోజులవి. పైగా ఆ పొద్దున పేపర్లో ఫోటో పడింది. వంగి గిన్నె పట్టుకున్న మా అమ్మ, పట్టా మీద పారుతున్న గంజి, వెనక ఇంజిన్. పోలీసులకు అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? అమ్మ మాత్రం పేపర్లోంచి ఆ ఫోటో చింపి తీసి, దేవుడి పటం పక్కన గోడకు మెతుకులతో అంటించింది.

నేను "బాగుంది" అని రాశాను.

రోజూ ఆ లైను వెంట నడుస్తూ వదులైనవి బిగించే కీమ్యాన్ ఒకాయన ఉండేవాడు. రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డ మనిషి, నేను కాకా అని పిలిచేవాణ్ణి.

"సారూ, గీడ మచ్చ పడ్డది. సూసిన్రా?" అని అడిగాడు.

"చూసిన కాకా. రాసిన."

"మీరు రాసిన్రంటె ఇగ ఫికర్ లేదు" అన్నాడు. అయినా తన తృప్తికి, మచ్చ ఎదురుగా, పట్టా కిందుండే స్లీపర్ దిమ్మె మీద సున్నంతో ఒక గీత పెట్టుకున్నాడు.

సార్ దగ్గరికి కాగితం తీసుకెళ్ళాను.

"రోకో జరిగిన చోట పట్టాలెలా ఉన్నాయి?"

"బాగనే ఉన్నయ్ సార్. చిన్న మచ్చ పడ్డది, పైపైననే."

సార్ పెన్ను తీసి, ఆగారు. "నిజానికి నేనొకసారి వెళ్ళి చూడాలయ్యా. కానీ ఇప్పుడు నేను టేపు పట్టుకుని అక్కడ నిలబడితే, ఆంధ్రావాడు కేసు రాయడానికొచ్చాడంటారు. నువ్వు చూశావు కదా?"

"చూసిన సార్."

"నువ్వు చూస్తే నేను చూసినట్టే" అని సంతకం పెట్టేశారు.

ఆయనకు మమ్మల్ని నొప్పించడం ఇష్టం లేదు. నాకు అమ్మను కేసులో ఇరికించడం ఇష్టం లేదు. ఇద్దరం మర్యాదస్తులమే. ఆ మర్యాదతోనే పట్టా సంగతి గాలికొదిలేశాం.

అక్కణ్ణుంచి నాకు మనశ్శాంతి పోయింది. గంజి మొదటి వానకే కొట్టుకుపోయింది, మచ్చ పోలేదు. బండ్లు పోతూనే ఉన్నాయి. నేను మలక్‌పేట బస్సులో నిలబడి ఉన్నా, చౌరస్తాలో చాయ్ తాగుతున్నా, ఏదో ఒక చక్రం దాని మీదుగా పోతూనే ఉండేది. వారానికోసారి పని కల్పించుకుని అక్కడికెళ్ళేవాణ్ణి. మచ్చ మీద కిరోసిన్ పూసి తుడిచేసి, సుద్ద రుద్దేవాణ్ణి. పగుళ్ళలో దాగిన కిరోసిన్ పైకి ఊరి, సుద్ద మీద గీతలు తేలేవి. మొదట్లో మూడు గీతలు. వానాకాలం అయ్యేసరికి వల అల్లినట్టు తయారైంది. పై పొర పెచ్చులుగా లేస్తోంది. ఎవరైనా చూస్తారేమోనని ఆ సుద్దను రుమాలుతో తుడిచేసి వచ్చేవాణ్ణి. దొంగతనం చేసినవాడు కూడా అంత జాగ్రత్తగా ఉండడు.

అమ్మను ఆ లైను మీద లోకల్ బండి ఎక్కనివ్వలేదు. "బస్సుకు పో, సీటు దొరుకుతది" అని ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. మిగతావాళ్ళ అమ్మలు రోజూ ఎక్కుతూనే ఉన్నారు. స్టేషన్ ముందు నుంచి పోయేటప్పుడు ఆ ఆడవాళ్ళ మొహాలు చూడలేక తల తిప్పుకునేవాణ్ణి.

ఒక ఆదివారం ఇక చెప్పేద్దామని ఎల్.బి. నగర్ వెళ్ళాను. రింగ్ రోడ్డు దగ్గర మీటింగు జరుగుతోంది, మైకులో ఎవరో ఆంధ్రావాళ్ళను పేరుపేరునా దులిపేస్తున్నారు. ఆ మాటలు సార్ ఇంటి వసారాలోకి స్పష్టంగా వినపడుతున్నాయి. మధ్యాహ్నం పూటే గేటుకు తాళం వేసి ఉంది. సార్ వచ్చి తీశారు. సార్ భార్య కాఫీ ఇస్తూ, "రాష్ట్రం వస్తే మమ్మల్ని వెళ్ళిపొమ్మంటారా బాబూ?" అని అడిగింది. నవ్వుతూనే అడిగింది గానీ గేటు తాళం వైపు ఓసారి చూసింది.

"ఎవరు పొమ్మంటరమ్మా" అన్నాను.

"ఏదో పనిమీద వచ్చినట్టున్నావే?" అన్నారు సార్.

"ఏం లేదు సార్. ఊరికే."

ఆవిడ లోపలికెళ్ళి పచ్చడి జాడీ తెచ్చి నా చేతుల్లో పెట్టింది. మీ సంతకం కింద నేనో అబద్ధం పెట్టానని, ఆ జాడీ పట్టుకుని ఎట్లా చెప్పను? పిరికివాణ్ణి, తలొంచుకుని బయటికొచ్చేశాను. వెనక సార్ మళ్ళీ గేటుకు తాళం వేసుకోవడం వినపడింది.

చలికాలం వచ్చింది. చలికి పట్టా ముడుచుకోవాలని చూస్తుంది, కానీ కదలనివ్వరు కాబట్టి రెండు పక్కల నుంచీ లాగినట్టు బిగుసుకుంటుంది. అమ్మ గుడ్డను పట్టుకున్నట్టే. ఒక పొద్దున, పాలప్యాకెట్ చింపుతుండగా కాకా ఫోన్ చేశాడు.

"సారూ, ఇరిగింది."

ఎక్కడ అని నేను అడగలేదు.

నేను వెళ్ళేసరికి లోకల్ బండి ఆగి ఉంది, ఆఫీసులకు పోయే జనమంతా దిగి కంకర మీద నిలబడ్డారు. ఇంజిన్ ముందు, పట్టాల మధ్య కాకా కూలబడి ఉన్నాడు. అలవాటుగా సున్నం గీత దగ్గర ఆగి చూస్తే పట్టా రెండుగా విడిపోయి, మధ్యలో అరచేయి పట్టే సందు. అప్పుడే దూరంగా బండి కూత వినపడిందట. ఎర్రజెండా విప్పి దానికి ఎదురు పరుగెత్తాడు. రెండుసార్లు పడ్డాడు, లేచాడు. బండి ఆగాక ఇంజిన్‌ను చేత్తో ముట్టుకునేంత దూరంలో ఉన్నాడు. మోకాళ్ళు చెక్కుకుపోయి రక్తం కారుతోంది, ఒక చెప్పు లేదు, జెండా కర్ర ఇంకా పిడికిట్లోనే ఉంది.

నన్ను చూసి, "మీరు రాసిన్రు గద సారూ? మరి ఎట్ల ఇరిగింది?" అన్నాడు.

ఆయన నన్ను అనుమానించి అడగలేదు. నిజంగానే అర్థంకాక అడిగాడు. అనుమానించి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

సార్ వచ్చి, పట్టా విరిగిన మొహం ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. చాలా భాగం అప్పుడే విరిగిన బెల్లంగడ్డలా గరుగ్గా మెరుస్తోంది. మచ్చ కింద మాత్రం గోరు ఆకారంలో నల్లగా, నున్నగా, సన్నటి చారలు చారలుగా ఉంది. అంత నునుపు రావాలంటే పగులు నెలల తరబడి ఒరుసుకుని ఉండాలి. సార్ ఆ చారల మీద వేలు పెట్టి, నా వైపు చూడకుండానే అడిగారు.

"ఇన్నాళ్ళూ ఇది నీకు కనపడలేదా?"

"మచ్చ మీద యంత్రం పట్టదు సార్."

"ఆ మాట నువ్వు రాయలేదే."

సార్ లేచి, ప్యాంటుకు అంటిన దుమ్ము దులుపుకున్నారు.

విచారణ పెట్టారు. మొదట సార్‌ను పిలిచారు. స్వయంగా చూశారా అని అడిగితే, "లేదు, వెళ్ళాల్సింది" అని మాత్రం అన్నారట. నా వంతు రెండు రోజుల తర్వాత. ఈలోపు కాలనీలో ఓ మాట పుట్టింది. అది నాకు మా అమ్మ నోట్నించే చేరింది. మధ్యాహ్నం గడపలో కూర్చుని బియ్యం చెరుగుతూ అంది.

"విన్నవా? మీ సారు కావాల్నే ఇడిసిపెట్టిండంట గద గా పట్టాను. మనోళ్ళు సావాల్నని."

"ఎవరన్నరు?"

"అందరంటున్నరు. అన్నేండ్లు పచ్చడి పంపినోళ్ళు గింత పని జేస్తరనుకోలే."

అమ్మ తల వెనకే గోడకు ఆ ఫోటో ఉంది. ఇంక ఆగలేకపోయాను. "నువ్వు గంజి వంచిన చోటే అమ్మా అది" అన్నాను. అంతా చెప్పాను, చక్రాలు జారడం, కాగితం మీద నేను రాసింది, సార్ ఇంటికెళ్ళి చెప్పలేక జాడీతో తిరిగి రావడం. ఏడుస్తుందనుకున్నాను, లేదా శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. బియ్యం చాటను పక్కన పెట్టింది.

"గా దినం నువ్వు గూడ నవ్వినవ్ గద రా" అంది. "నవ్వకుండ జర గట్టిగ చెప్తే, బిందెడు నీళ్ళు పోసి కడుగుదును గద."

లేచి వెళ్ళి, గోడమీద ఫోటోను గోరుతో అంచులు లేపుతూ చిరగకుండా తీసింది. మడిచి నా జేబులో పెట్టింది. "గిది గూడ వాళ్ళకియ్యి" అంది.

ఇచ్చాను. జరిగిందంతా నేను రాసి ఇచ్చిన కాగితంతో పాటు ఫోటో కూడా బల్ల మీద పెట్టాను. విచారణాధికారి దాన్ని ఒకసారి చూసి, "ఇది అక్కర్లేదు" అని తిప్పి ఇచ్చేశాడు. గంజి సంగతి ఒక్క వాక్యంలో రాసుకున్నారు. అమ్మ మీద ఏ కేసూ కాలేదు. లేని కేసు నుంచి అమ్మను కాపాడ్డానికి బండెడు జనాన్ని ఇన్ని నెలలు ఆ పగులు మీద నడిపించానన్నమాట.

నా దగ్గర్నుంచి యంత్రం తీసేసుకుని స్టోర్‌లో కూర్చోబెట్టారు. చూడకుండా సంతకం పెట్టినందుకు సార్‌ను దూరంగా బదిలీ చేశారు. బదిలీ కాగితం అందిన రోజు ఆఫీసు మెట్లు దిగుతూ సార్, "ఆ రోజే నిజం చెప్పుంటే నేను నీ వెంట వచ్చేవాణ్ణి కదయ్యా" అన్నారు. మీరే రానన్నరు గద సార్ అనబోయి ఊరుకున్నాను. ఆయనకూ ఆ సంగతి తెలుసు.

అమ్మ కాలనీలో ఇంటింటికీ తిరిగి, "ఆ సారు తప్పు గాదు, నేను వంచిన గంజి, నా కొడుకు రాసిన అబద్దం" అని చెప్పుకొచ్చింది. సగం మంది నమ్మలేదు. నీ మంచితనం కొద్దీ వాళ్ళను వెనకేసుకొస్తున్నావన్నారు.

తర్వాత జాడీ కడిగి, నిండా సకినాలు పోసి, నన్ను వెంటబెట్టుకుని ఎల్.బి. నగర్ వెళ్ళింది. సార్ భార్య తలుపు తీసింది, లోపలికి రమ్మంది, కాఫీ ఇచ్చింది, రెండు చేతులా జాడీ అందుకుంది. "వదినగారి సకినాలు మా ఇంట్లో అందరికీ ఇష్టం" అంది. అమ్మ చెప్పాలనుకున్నది చెప్పింది. ఆవిడ వింది. మాటల్లో గానీ మర్యాదలో గానీ ఎక్కడా చిన్న తేడా లేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో అమ్మ, "మంచిగనే మాట్లాడింది గద?" అని రెండుసార్లు అడిగింది. మంచిగనే మాట్లాడిందన్నాను.

ఆ తర్వాత రాష్ట్రం వచ్చింది. మా సందులో పటాకులు కాల్చారు, అమ్మ కూడా రంగు చల్లుకుంది. గోంగూర రోజులు వచ్చాయి. అమ్మ వంటింటి అరలో జాడీ పెట్టే చోటు తుడిచి ఖాళీగా ఉంచింది. జాడీ ఆ ఏడూ రాలేదు, ఆ మరుసటి ఏడూ రాలేదు. ఆ చోట్లో ఇప్పటికీ ఇంకే గిన్నె పెట్టనివ్వదు.